విస్మృత కళావతుల చరిత్ర రచన

గ్రంథాలయాలలో గ్రంథకర్తలచేత ఉపన్యాసాలు ఇప్పించే ఆచారం ఇప్పుడు చాల దేశాలలో స్థిరపడినది. ఆ ఉపన్యాసాలలో తరచుగా వినవచ్చే విషయం ఒకటి కలదు: లోకం మరచిన స్త్రీల కళాజీవితం. చిత్రకారిణి కానీ, గాయని కానీ, కవయిత్రి కానీ, ఆమెకు జరిగిన అన్యాయాన్ని చెప్పగానే సభలో శ్రద్ధ కుదురుతుంది. అది మంచిదే. అయితే సభ ముగిసిన పిమ్మట శ్రోత మనస్సులో మిగిలేది ఆమె కష్టమా, ఆమె కళయా? ఇటువంటి చరిత్రగ్రంథాల విలువ కట్టదలచినవారు మొదట అడుగవలసిన ప్రశ్న ఇది. కష్టం ఒక్కటే మిగిలినట్లయితే ఆమె రెండవసారి మరుగునపడినట్లే లెక్క.

మరపు ఒక్క తీరున వచ్చేది కాదు. హాలెండులోని హార్లెం నగరంలో 1609లో జ్ఞానస్నానం పొందిన యూడిత్ లైస్టర్ 1633 నాటికే అక్కడి చిత్రకారుల శ్రేణిలో సభ్యురాలు. 1636లో మరొక చిత్రకారుని వివాహమాడినది, 1660లో మరణించినది. తరువాత రెండు శతాబ్దాలకు పైగా ఆమె చిత్రాలలో కొన్ని ఫ్రాన్స్ హాల్స్ పేరుతో చెలామణి అయినవి. 1893లో హోఫ్‌స్టేడ్ ద హ్రూట్ అనే పండితుడు, హాల్స్ కృతిగా అమ్ముడుపోయిన ఒక పటం మీద ఆమె పొడి అక్షరాలను, వాటితో కలిసిన నక్షత్రపు గుర్తును పోల్చుకొన్నాడు. లైస్టర్ అంటే దారి చూపే చుక్క. ఇక్కడ చిత్రం ఏనాడూ మరుగునపడలేదు. ధర పలికినది, మెప్పు పొందినది. పోయినది పేరు మాత్రమే. ఆ పేరు తిరిగి వచ్చినది కూడ జాలికథవల్ల కాదు, పటాన్ని దగ్గరగా చూచిన కంటివల్ల.

కలకత్తాలోని సునయనీదేవి సంగతి వేరు. అవనీంద్ర, గగనేంద్రుల సోదరి అనే మాట ఆమె పేరుకు ముందే వచ్చి కూర్చుంటుంది. సంసారం నడుపుకొంటూ సుమారు ముప్పయ్యవ ఏట కుంచె పట్టి, గురువు లేకయే, పటచిత్రాల నుంచీ పల్లె బొమ్మల నుంచీ తన రేఖను తాను సంపాదించుకొన్నది. స్త్రీలలో మహాచిత్రకారులు ఎందుకు లేరని ప్రశ్నించి, లోపం ప్రతిభలో కాదు, శిక్షణ ఇచ్చే సంస్థలలో ఉన్నదని లిండా నాక్లిన్ 1971లో వాదించినది. ఆ వాదం సునయనీదేవికి సగమే చెల్లుతుంది. శిక్షణ లేకపోవడం ఆమెకు లోటే కావచ్చును. కానీ ఆ అర్ధనిమీలిత నేత్రాల స్త్రీమూర్తులలోని సారళ్యం శిక్షితుల చేతికి సులభంగా చిక్కేది కాదు.

తెలుగువారికి దగ్గర ఉదాహరణ ఈ రెండింటికంటె కఠినమైనది. ముద్దుపళని విషయంలో పేరూ పోలేదు, కావ్యమూ పోలేదు. రెండూ తెలిసి ఉండగానే తలుపు మూసివేయబడినది. తంజావూరు నేలిన ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానంలోని ఈ విదుషి 584 పద్యగద్యాలతో 'రాధికా సాంత్వనము' రచించినది. పురుషకవులు తండ్రితాతలను స్తుతించే కృత్యాదిలో ఈమె తన వంశపు స్త్రీలను గౌరవంగా పేర్కొన్నది. తనకు లభించిన సన్మానాలను దాచక చెప్పుకొన్నది. 1887లో పైడిపాటి వెంకటనరసు ఈ కావ్యాన్ని ముద్రింపించినప్పుడు విడిచిపెట్టిన భాగాలలో ఈ పీఠిక ఒకటి. శృంగార పద్యాలు కొన్ని తీసివేయడానికి నీతి అనే కారణం చెప్పవచ్చును. కవయిత్రి తన అవ్వను, మేనత్తను తలచుకొనడంలో నీతికి వచ్చిన భంగమేమి?

వీరేశలింగం పంతులుగారు 'ఆంధ్ర కవుల చరిత్రము'లో ఆమె పాండిత్యాన్ని కాదనలేదు. కవిత్వంలోని మాధుర్యాన్నీ ఒప్పుకొన్నారు. అయినా ఆ వర్ణనలు స్త్రీ వినదగినవి కావనీ, నోట పలుకదగినవి అసలే కావనీ తీర్పు చెప్పి, దానిలోనికి ఆమె పుట్టుకను లాగినారు. స్త్రీవిద్యకు అంతగా పాటుపడిన మహనీయుడు విద్యావతి అయిన ఒక స్త్రీ పద్యాల యెదుట ఇట్లా నిలిచిపోవడం ఆశ్చర్యమే. ఆయన యెదుట ఉన్న సంఘసంస్కార దృష్టిలో గృహిణికి చోటు ఉన్నది, వితంతువుకు చోటు ఉన్నది. కావ్యం వ్రాసిన వారకాంతకు మాత్రం లేదు.

ఆ చోటు కల్పించినవారు బెంగుళూరు నాగరత్నమ్మగారు (1878–1952). దేవదాసీ కుటుంబంలో జన్మించి, సంగీతంలోను సంస్కృతంలోను కృషిచేసి, 'విద్యాసుందరి' అనిపించుకొన్న గాయని. ఆమె ముద్దుపళని మీద ఒక ఉపన్యాసం వ్రాసి ఊరుకొని ఉండవచ్చును. అట్లా చేయలేదు. అచ్చు ప్రతిని వ్రాతప్రతితో పోల్చి, విడిచిన పద్యాలను, పీఠికను తిరిగి చేర్చి, 1910లో వావిళ్ళవారి ద్వారా సమగ్రంగా ప్రకటించారు. సిగ్గు అనేది స్త్రీలకే కానీ పురుషులకు లేదా అని తన పీఠికలో అడిగి, సారంగు తమ్మయ్య 'వైజయంతీ విలాసము'ను ఎదురు చూపారు. నిందకు ఆమె ఇచ్చిన ప్రత్యుత్తరం పాఠపరిష్కరణ. ఇతర చరిత్రకారులకు ఇంతకంటె మంచి మాదిరి దొరకదు.

ప్రభుత్వం మాత్రం 1911లో ప్రతులను స్వాధీనం చేసుకొన్నది; గ్రంథం నిషిద్ధమైనది. మూడేండ్లకు, 1914లో, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగారుల మహాసభ జరిగినది. ఊరూర పుస్తకశాలలు వెలసిన ఆ ఉత్సాహపు దినాలన్నింటిలోను ఈ ఒక్క పుస్తకానికి బీరువాలో చోటు లేదు. 1947లో టంగుటూరి ప్రకాశంపంతులుగారు నిషేధం తొలగించినారు. 1952లో వావిళ్ళవారు మరల అచ్చువేసినారు. నాగరత్నమ్మగారు మరణించినదీ ఆ ఏడాదియే.

ఆమె జీవితం చెప్పేవారు సాధారణంగా తిరువయ్యారు దగ్గర ఆగుతారు. వి. శ్రీరాం 2007లో వెలువరించిన ఆంగ్ల చరిత్ర పేరులోనే దేవదాసితోపాటు వాగ్గేయకారుడైన ఆ సద్గురువు కూడ ఉన్నాడు. ఆగడానికి కారణం లేకపోలేదు. పాడుపడిన త్యాగరాజస్వామి సమాధిమీద తన ధనంతో ఆలయం కట్టించి 1925లో ప్రతిష్ఠ జరిపించినది ఆమె. ఆరాధనలో స్త్రీలకు పాడే హక్కు లేదంటే స్త్రీలతోనే వేరుగా ఆరాధన నడిపినది ఆమె. 1941లో పక్షాలన్నీ కలిసే దాకా ఆ పట్టు సడలలేదు. ఈ కథలో భక్తి ఉన్నది, త్యాగం ఉన్నది, సభకు నచ్చుతుంది. కానీ భక్తురాలిని మెచ్చుకొనడం లోకానికి ఎప్పుడూ కష్టం కాదు. సంపాదకురాలిని మెచ్చుకొనడమే కష్టం. ఏలయన అప్పుడు ఆమె పరిష్కరించిన కావ్యాన్ని చదువవలసి వస్తుంది.

చదివితే ఏమి కనబడుతుంది? నిషేధించినవారూ, నిషేధాన్ని నిందించినవారూ చెప్పని ఒక విశేషం కనబడుతుంది. తెలుగు ప్రబంధాలలో ప్రణయకోపం కొత్త కాదు. నంది తిమ్మన సత్యభామ లోకప్రసిద్ధురాలు. కానీ సత్య కోపానికి గురి ఉన్నది: పారిజాతం సవతికి ఇచ్చినది కృష్ణుడు. ముద్దుపళని రాధకు ఆ సౌలభ్యం లేదు. ఇలాదేవిని పెంచినది తానే. బుద్ధులు చెప్పినది తానే. కృష్ణునికి ఇచ్చి పెండ్లి చేసినదీ తానే. నిందింపబోతే వ్రేలు తన వైపే తిరుగుతుంది. వయస్సు పైబడిన ప్రేయసి, తన చేతులతో తీర్చిదిద్దిన పిల్లకు తన స్థానం ఇచ్చి, ఇచ్చిన తరువాత ఓర్వలేకపోవడం! ఈ ఘట్టంలో శృంగారం అలంకారం కాదు, సమస్య. కృష్ణుడు వచ్చి బ్రతిమాలుకొనేటప్పుడు ఆమె తగ్గించుకోదు. తన కోరికను తన నోటనే చెబుతుంది. పంతులుగారిని బాధించినది పద్యాలలోని దేహవర్ణన కంటె ఈ అడుగడమే కావచ్చును.

కావ్యమంతా ఒక్క ఎత్తున ఉన్నదని చెప్పనక్కరలేదు. వర్ణనలలో దక్షిణాంధ్ర యుగపు అచ్చు తరచుగా కనబడుతుంది. ఆ పద్యాలు ఆ కాలపు మరొక కవివి అన్నా నమ్మవచ్చును. అభిమానులు ఈ మాట చెప్పడానికి జంకుతారు. జంకవలసిన పని లేదు. పురుషకవుల ప్రబంధాలలో నీరసమైన పద్యాలను వేరుచేసి చూపే విమర్శకుడు ముద్దుపళనికి మాత్రం దయతో మార్కులు వేస్తే, ఆమెను మరల వరుస బయటనే నిలిపినట్లు.

1991లో సుసీ తారు, కె. లలితలు భారతీయ స్త్రీల రచనల సంకలనంలో ఆమెకు స్థానం కల్పించిన తరువాత అన్యభాషలవారికి ఈ నిషేధకథ సుపరిచితమైనది. 2011లో ఆంగ్లానువాదం కూడ వచ్చినది. అనువాదంలో కథ నడుస్తుంది. సంబోధనలలోని చనువు, పద్యం చివర విసిరే ఎత్తిపొడుపు జారిపోతాయి. వీటిని చూపడం తెలుగు విమర్శకుల పని. 1887 ముద్రణలో ఏ పద్యం పోయినది, 1910లో ఏది తిరిగి వచ్చినది, వ్రాతప్రతులలో పాఠం ఎట్లా ఉన్నదనే పట్టికతో, టీకతో ముద్దుపళని కావ్యాన్ని విద్యార్థి చేతిలో పెట్టడం అందులో మొదటిది.