పరీక్ష ఎవరికి? – ఇంగ్లండు పాఠశాల దశలు, జాతీయ పరీక్షలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

‘బ్రిటిష్ విద్యావ్యవస్థ’ అన్న మాట ఏకవచనంలో వాడుకలో ఉన్నా, దాని వెనుక ఉన్నవి నాలుగు వ్యవస్థలు. ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు, ఉత్తర ఐర్లండు నేడు వేటి విద్యావిధానాన్ని అవే రూపొందించుకుంటున్నాయి. ‘శాట్స్’ అని వ్యవహరించే దశాంత పరీక్షలు ఇప్పుడు ఇంగ్లండుకు చెందినవి. అమెరికాలో కళాశాల ప్రవేశానికి రాసే శాట్‌తో వీటికి పేరులోని పోలికే తప్ప సంబంధం లేదు. ఈ పరీక్షలు విద్యార్థిని కొలుస్తున్నాయా, పాఠశాలను కొలుస్తున్నాయా అన్నది ఇక్కడ ప్రధాన ప్రశ్న.

దశల నిర్మాణం

1988 విద్యా సంస్కరణ చట్టం జాతీయ పాఠ్యప్రణాళికను ప్రవేశపెట్టి, నిర్బంధ విద్యను నాలుగు ‘కీ స్టేజీ’లుగా విభజించింది. 5–7 ఏళ్లది మొదటి దశ, 7–11 రెండవది, 11–14 మూడవది, 14–16 నాలుగవది. నాలుగవ దశ జీసీఎస్ఈ పరీక్షలతో ముగుస్తుంది. అది విద్యార్థి చేతికందే యోగ్యతాపత్రం. తరువాతి చదువు, ఉద్యోగం దానిపై ఆధారపడతాయి.

రెండవ దశ చివర జరిగే శాట్స్ స్వభావం వేరు. పఠనం, వ్యాకరణం–వర్ణక్రమం, గణితం అంశాల్లో వచ్చిన మార్కులను 80 నుంచి 120 వరకు ఉండే కొలమానంలోకి మారుస్తారు; 100 వస్తే ఆశించిన ప్రమాణాన్ని అందుకున్నట్లు. ఈ పరీక్షలు మే నెలలో జరుగుతాయి, ఫలితాలు జూలైలో వెలువడతాయి. కాని సెప్టెంబరులో ఏ ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలలో చేరాలో పిల్లలకు మార్చిలోనే తెలిసిపోతుంది. 1944 చట్టం తరువాత వ్యాపించిన ‘ఎలెవెన్ ప్లస్’ పరీక్ష, పిల్లలు గ్రామర్ స్కూలుకు వెళ్లాలో, సెకండరీ మోడర్న్ స్కూలుకు వెళ్లాలో తేల్చేది. శాట్స్ అటువంటిదేదీ తేల్చదు. దాని ఫలితం ప్రధానంగా తేల్చేది పాఠశాల ప్రతిష్ఠను.

ఉద్దేశం, ఆచరణ

ఈ పరిణామం తొలి రూపకర్తలు కోరుకున్నది కాదు. పాల్ బ్లాక్ అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల బృందం ఉపాధ్యాయుల మూల్యాంకనాన్ని, జాతీయ పరీక్షలను జోడించాలని సూచించింది. పిల్లలకు తరువాత ఏమి నేర్పాలో చెప్పే నిర్మాణాత్మక మూల్యాంకనానికి ప్రాధాన్యమిచ్చింది. ఆచరణలో ఫలితాల పట్టికలు ముందుకు వచ్చాయి. 1993లో ఉపాధ్యాయ సంఘాలు పరీక్షలను బహిష్కరించాయి. ఆ తరువాత రాన్ డేరింగ్ సమీక్ష పరీక్షల భారాన్ని తగ్గించిందే గాని, వాటి స్వభావాన్ని మార్చలేదు.

ఒకే మార్కుతో పిల్లల లోపాన్ని గుర్తించడం, తల్లిదండ్రులకు సమాచారమివ్వడం, పాఠశాలపై తీర్పు చెప్పడం అనే మూడు పనులూ చేయించడమే ఇక్కడి మూల సమస్య. మూడవ పని బరువెక్కేకొద్దీ మొదటిది మరుగున పడుతుంది. బోధన పరీక్షాంశాల చుట్టూ కుంచించుకుపోతుంది. 11 ఏళ్ల వయసులో వచ్చిన మార్కే తరువాత మాధ్యమిక పాఠశాల సాధించిన ప్రగతిని లెక్కించడానికి కూడా ఆధారమవుతుంది. కోవిడ్ వల్ల 2020, 2021లలో శాట్స్ జరగనందున, ఆ పిల్లలు జీసీఎస్ఈ రాసే 2025, 2026లలో ‘ప్రోగ్రెస్ 8’ అనే ఆ సూచికను లెక్కించే వీలు లేకపోయింది. పరీక్ష లేకపోవడం పిల్లల చదువుకు అడ్డు కాలేదు. పాఠశాలల లెక్కకు అడ్డయింది.

చారిత్రకంగా ఇది కొత్త ధోరణి కాదు. 1862లో రాబర్ట్ లో ప్రవేశపెట్టిన సవరణ నియమావళి, పిల్లల హాజరుతోపాటు చదవడం, రాయడం, లెక్కలలో వారి ఉత్తీర్ణతను బట్టి పాఠశాలలకు గ్రాంటు ఇచ్చింది. పాఠశాలల తనిఖీ అధికారిగా ఉన్న కవి మాథ్యూ ఆర్నాల్డ్ దానిని తీవ్రంగా విమర్శించాడు. తెలుగు జిల్లాలు భాగమైన మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ‘ఫలితాల గ్రాంటు’ పేరిట ఇటువంటి పద్ధతి అమలైంది. నాడు ఫలితానికి ముట్టినది సొమ్ము. నేడు ముట్టుతున్నది పేరు.

ప్రతివాదం

పరీక్షలను సమర్థించేవారి వాదనలో బలముంది. ఉమ్మడి కొలమానం లేకపోతే, పేద పిల్లలు ఎక్కడ వెనుకబడుతున్నారో బయటపడదు. ఉపాధ్యాయుల అంచనాల్లో పక్షపాతానికి తావుండవచ్చు. అయితే దేశవ్యాప్త ప్రమాణాలను తెలుసుకోవడానికి ప్రతి విద్యార్థినీ పరీక్షించనక్కరలేదు. 1988 చట్టానికి ముందే ఇంగ్లండులో నమూనా సర్వేలతో ఆ పని జరిగింది. కాని నమూనా సర్వే దేశం స్థితిని చెబుతుందే తప్ప ఒక్కొక్క పాఠశాల గురించి చెప్పదు. అందువల్ల అసలు వివాదం సమాచారం అవసరమా కాదా అన్నది కాదు. ఆ సమాచారాన్ని ఏ తీర్పుకు వాడాలన్నది.

ముగింపు

దశ, పరీక్ష విడదీయరానివి కావని అనుభవం చూపింది. మూల్యాంకన నిర్వహణ విఫలమైన 2008లో మూడవ దశ జాతీయ పరీక్షలను రద్దు చేశారు. దశ మాత్రం నిలిచింది. 2023–24 నుంచి మొదటి దశ పరీక్షలు ఐచ్ఛికమయ్యాయి. మరోవైపు 2012లో ధ్వనుల పఠన పరీక్ష, 2022లో ఎక్కాల పరీక్ష తప్పనిసరిగా వచ్చి చేరాయి. కాబట్టి ఈ వ్యవస్థను అధ్యయనం చేసేవారు పరీక్షల సంఖ్యను లెక్కించడంతో సరిపెట్టుకోరాదు. ప్రతి పరీక్ష విషయంలోనూ దాని ఫలితం ఎవరి మీద పడుతోందని అడగాలి. రాసేది పిల్లలు, తీర్పు పాఠశాలకు అయినప్పుడు, ఆ రెంటి మధ్య నలిగేది తరగతి గదిలోని చదువే.