సర్వర్ పలకనప్పుడు

లినక్స్ మిషన్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్ పెట్టడం చెయ్యి తిరిగినవాళ్లకి చిటికెలో పని. ఉబుంటు అయితే ఎన్‌ఎఫ్‌ఎస్-కామన్, రెడ్‌హ్యాట్ అయితే ఎన్‌ఎఫ్‌ఎస్-యుటిల్స్ ప్యాకేజీ వేసి మౌంట్ కమాండ్ కొడితే చాలు. పక్క గదిలోనో పక్క ఊర్లోనో ఉన్న సర్వర్ ఫోల్డరు మన సొంత ఫోల్డరులా తెరుచుకుంటుంది. ఎన్నేళ్లుగా చూస్తున్నా ఆ క్షణం నాకు ముచ్చటే.

కొత్తగా చేరిన పిల్లలకి నేను పట్టుబట్టి చెప్పేది మాత్రం హార్డ్, సాఫ్ట్ అనే రెండు ఆప్షన్ల గురించి. ఏదీ రాయకపోతే లినక్స్ హార్డే తీసుకుంటుంది. అప్పుడు సర్వర్ పలకకపోయినా క్లయింట్ మానదు, అడుగుతూనే ఉంటుంది. ఆ ఫైలు కోసం ఆగిన ప్రోగ్రాము కదలదు, డీఎఫ్ కొడితే టెర్మినల్ బిగుసుకుపోతుంది. "సాఫ్ట్ పెట్టేద్దాం సార్" అంటారు పిల్లలు. సాఫ్ట్ అయితే కొన్నిసార్లు అడిగి, ఎర్రర్ చూపి వదిలేస్తుంది. డేటా రాస్తుండగా వదిలేస్తే? రాసింది చేరిందో లేదో చూసుకోని ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. ఫైలు పాడవుతుంది, ఆ సంగతి ఎవరికీ తెలియదు. లినక్స్ మాన్యువల్ పేజీలోనే ఈ హెచ్చరిక ఉంది. బిగుసుకున్న టెర్మినల్ కనిపిస్తుంది, పాడైన ఫైలు కనిపించదు. అందుకే నా ఓటు హార్డ్‌కే.

ఈ ఓపికని నమ్మే సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లు 1984లో ఎన్‌ఎఫ్‌ఎస్‌ని తెచ్చారు. ఏ క్లయింట్ ఏ ఫైలు తెరిచిందో సర్వర్ గుర్తుపెట్టుకోదు. ఏ ఫైలు, ఎక్కడినుంచి, ఎన్ని బైట్లు అన్నది ప్రతి అభ్యర్థనలోనూ ఉంటుంది. సర్వర్ పడి లేచినా క్లయింట్ అదే మాట మళ్లీ అడుగుతుంది, పని సాగిపోతుంది. 1995లో వచ్చిన మూడో వెర్షన్‌లో క్లయింట్ బాధ్యత ఇంకా పెరిగింది. డేటా డిస్కుకి ఎక్కిందని సర్వర్ ఖాయం చేసేదాకా క్లయింట్ తన ప్రతిని దాచుకుంటుంది. ఈలోగా సర్వర్ రీబూట్ అయితే, జవాబులో మారిన గుర్తును బట్టి కనిపెట్టి మళ్లీ పంపుతుంది. ఈ ఏర్పాటంటే నాకు ఎంతో గౌరవం. నాలుగో వెర్షన్‌లో సర్వర్ కూడా లెక్కలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. అయినా లేచాక కాస్త గడువిచ్చి, పాత లాకులు తిరిగి తీసుకోమంటుంది.

చదవడానికి మాత్రమే వాడే ఫోల్డరైతే సాఫ్ట్ పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. హోమ్ డైరెక్టరీలకి వద్దు. వేలాడుతున్న ప్రోగ్రాముని చంపలేమన్న పాత భయం కూడా అక్కర్లేదు. కెర్నెల్ 2.6.25 నుంచి అది కిల్ మైనస్ 9కి లొంగుతుంది.