చిన్న చిమ్మటలు, బొమ్మలు లేని పెద్ద గ్రంథం

తొలకరి రాత్రులలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో దీపాల చుట్టూ మూగే రెక్కల పురుగులలో అర అంగుళమైనా లేని చిమ్మటలు కొల్లలు. విద్యార్థి ఒకదానిని పట్టి తెచ్చి పేరేమని అడిగితే ఉపాధ్యాయుడు ఏ గ్రంథం తెరవాలి? హాంప్సన్ 1892–1896 మధ్య భారతదేశపు చిమ్మటలపై వెలువరించిన నాలుగు సంపుటాలలో చిన్నవాటి కుటుంబాలు అనేకం లేవు. ఆ లోటును తీర్చబూనినది ఎడ్వర్డ్ మెయిరిక్ రచించిన "ఎగ్జాటిక్ మైక్రోలెపిడాప్టెరా" (1912–1937).

మెయిరిక్ (1854–1938) ఇంగ్లండులో మార్ల్‌బరో పాఠశాల ఉపాధ్యాయుడు. బడిపని చేస్తూనే 10,000కు మించిన జాతులను వర్ణించాడు. రంగును మాత్రమే నమ్మక రెక్కల ఈనెల అమరికను వర్గీకరణకు ఆధారం చేసుకొనడం ఆయన గొప్పతనం. వర్ణన క్లుప్తం, క్రమబద్ధం.

అయితే గ్రంథంలో రెండు పెద్ద లోపాలున్నాయి. బొమ్మలు లేవు, జాతిని నిర్ణయించడంలో నేడు ముఖ్యమైన జననాంగ లక్షణాలను రచయిత లెక్కచేయలేదు. అందుచేత ఆయన వాక్యాలు చదివి చిమ్మటను పోల్చుకోవడం నిపుణులకు సైతం కష్టమైనది. 1955లో మొదలై ఎనిమిది సంపుటాలుగా వెలువడిన క్లార్క్ పట్టిక, మెయిరిక్ నమూనాల ఛాయాచిత్రాలతో ఈ కొరత చాలవరకు తీర్చింది.

ఇది పేర్ల గురించి పండితుల తగవు మాత్రమే కాదు. పత్తికాయలను తొలిచే గులాబిరంగు పురుగు కూడ ఇట్టి చిన్న చిమ్మట పిల్లపురుగే. మెయిరిక్ స్థాపించిన ప్లాటీఎడ్రా ప్రజాతిలో దీనిని చేర్చేవారు. 1917లో బస్క్ దీనికి పెక్టినోఫోరా అనే వేరు ప్రజాతి కల్పించినా, పాత పేరు ఏండ్ల తరబడి పుస్తకాలలో నిలిచిపోయింది.

పేరు సరిగా తెలియడం రైతుకూ అవసరమే. ఆడ చిమ్మట వెదజల్లే వాసన సాధారణంగా తన జాతి మగవాటినే పిలుస్తుంది. గులాబిరంగు పురుగు వాసన రెండు సమాంగాల ఇంచుమించు సమాన మిశ్రమమని 1973లో తేలింది. ఆవరణకు పొరుగుననే తార్నాకలో ఉన్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఇట్టి ఆకర్షక రసాయనాలపై కృషి చేసింది. పొలంలోని పురుగు ఒకటి, బుట్టలో పెట్టిన వాసన మరొకటి అయితే ఆ బుట్ట పెట్టీ ప్రయోజనం లేదు.

కాబట్టి మెయిరిక్ గ్రంథాన్ని గౌరవంతో చదవవలసినదే, దానినే తుదిమాటగా తీసుకొనరాదు. దొరికిన చిమ్మటకు తేదీ, చోటు, తిన్న మొక్క పేరు రాసిన చీటీ తగిలించి భద్రపరచడం విద్యార్థులకు నేర్పితే, గ్రంథం విడిచిన ఖాళీలను బడి పూరించగలదు.