తాడుకన్నా ముందు మనిషినే అన్నారు

జిల్లా పేజీలు దిద్దేవాళ్లకు ఒక వాక్యం కంఠతా వచ్చేస్తుంది: విధుల్లో అలసత్వం వహిస్తే కఠిన చర్యలు తప్పవు. సమీక్షా సమావేశం దేని మీదైనా, హెచ్చరించేది ఎవరైనా, వార్త చివర ఇది ఉండాల్సిందే. విలేకరి ‘అలసత్వం’ అని రాసి పంపుతాడు గానీ, అధికారి నోట వచ్చేది చాలాసార్లు ‘స్లాక్‌నెస్’. ఈ స్లాక్ అనే ఇంగ్లిష్ మాట మీద నాకు చాన్నాళ్లుగా కన్నుంది. తాడు వదులైతే స్లాక్ అంటారు, మనిషి పని మీద మనసు పెట్టకపోయినా స్లాకే అంటారు. మొదట తాడును అని, తర్వాత పోలిక కొద్దీ మనిషికి అంటగట్టి ఉంటారనే ఎవరైనా అనుకుంటారు. నిఘంటువు తెరిస్తే వ్యవహారం తలకిందులుగా ఉంది.

నిఘంటువు అంటే ఆక్స్‌ఫర్డ్ వాళ్ల పెద్ద నిఘంటువు. మామూలు నిఘంటువులు వాడుకలో ఎక్కువున్న అర్థాన్ని ముందు పెడతాయి. ఇది అలా కాదు, ఏ అర్థం రాతలో ముందు కనబడితే దానికే పెద్దరికం ఇస్తుంది. 1857లో లండన్ ఫిలలాజికల్ సొసైటీలో మొలకెత్తిన ఆలోచన, 1879లో సంపాదకుడు జేమ్స్ మర్రే చేతికి వచ్చి, 1884లో తొలి భాగంగా అచ్చయి, 1928 నాటికి గానీ పూర్తి కాలేదు. ఎక్కడెక్కడి పాఠకులో పాత పుస్తకాలు చదివి, మాట కనబడ్డ వాక్యాన్ని చీటీ మీద రాసి పంపితే, ఆ చీటీల గుట్టల్లోంచి అర్థాల వరుస తేలింది. ఎస్ అక్షరంలో స్లాక్ ఉన్న భాగం విలియం క్రేగీ అనే స్కాట్లండ్ పండితుడి వాటాకు వచ్చింది. ఆఫీసు పని మధ్యలో ఇలాంటి వరుసలు చదువుతూ కూర్చోవడం నాకున్న దురలవాటు. మానుకునే ఉద్దేశం లేదు.

స్లాక్‌కు మొదటి అర్థం బద్ధకస్తుడు, శ్రద్ధ లేనివాడు. ఇది 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలవకముందు నాటి పాత ఇంగ్లిష్‌లోనే ఉంది. తాడు వదులు కావడమనే అర్థం కనిపించేది 1300 ప్రాంతంలో. అంటే మనిషిని తిట్టిన ఎన్నో వందల ఏళ్లకు గానీ ఈ మాట తాడు దాకా రాలేదన్నమాట. నాకిక్కడ ఒక అనుమానం ఉంది. ఆ కాలంలో కలం పట్టినవాళ్లు ఎక్కువమంది మఠాల్లోని సన్యాసులు. వాళ్లకు పట్టింపు ఆత్మ గురించి, ప్రార్థన వేళకు లేవని శిష్యుడి గురించి. పడవల మీద తాళ్లు లాగినవాళ్లు రోజుకు ఎన్నిసార్లు ఈ మాట అరిచారో రాసిపెట్టిన నాథుడు లేడు. నిఘంటువు చెప్పేది రాతలో మిగిలిన వరుస. నోళ్లలో నడిచిన వరుస అదేనని నేను పందెం కాయను.

తాడు అర్థం వచ్చాక మాటకు వేరే బతుకు మొదలైంది. పోటూ కాక, పాటూ కాక సముద్రపు నీరు కాసేపు ఎటూ పోకుండా నిలుస్తుంది. దాన్ని ఇంగ్లిష్ నావికులు స్లాక్ వాటర్ అన్నారు. అందులో ఎవరినీ నిందించడం లేదు. పైగా ఇరుకు రేవులోకి ఓడను తేవడానికి అదే మంచి వేళ. లండన్ బ్రిడ్జి దగ్గర థేమ్స్ నది పోటుకూ పాటుకూ మధ్య ఆరేడు మీటర్లు ఎక్కి దిగుతుంది. నీరు నిండుగా ఉన్నప్పుడు పడవను గోడకు బిగించి కట్టేసి పోతే, ఆరు గంటల తర్వాత అది తాళ్లకు వేలాడుతూనైనా ఉంటుంది, తాళ్లు తెగి తలకిందులయైనా ఉంటుంది. నీటితోపాటు దిగడానికి ఎంత వదులు ఉంచాలో లెక్క తెలిసినవాడే అక్కడ పనిమంతుడు. మన కరెంటు స్తంభాల మధ్య తీగలు కొంచెం జారినట్టు కనిపించేదీ అందుకే. ఎండకాలం సాగినప్పుడు చూసి బిగించేస్తే, చలికాలంలో అవి కుంచించుకుపోయి స్తంభాలనే లాగుతాయి.

స్లాక్‌కు లాటిన్ వైపు ఒక జ్ఞాతి ఉంది, లాక్స్. ఇది ఎదురు దారిలో నడిచింది. లాక్స్ ఇంగ్లిష్‌లోకి అడుగుపెట్టింది వైద్యుల వెంట. పధ్నాలుగో శతాబ్దం చివర దానికి పని పొట్టతోనే, అంటే ఇప్పుడు మనం లూజ్ మోషన్స్ అనే దానితో. క్రమశిక్షణ సడలడం, నియమం సడలడం తర్వాతి సంగతులు. లాక్సేటివ్ మాత్ర మాత్రం పాత వృత్తిని వదల్లేదు. ఈ లాటిన్ కుటుంబం ఎక్కడెక్కడ సంబంధాలు కలుపుకొందో చూస్తే తమాషాగా ఉంటుంది. చేను లీజుకు ఇవ్వడంలోని లీజు, కుక్క మెడకు కట్టే లీష్ ఆ ఇంటివే. హైకోర్టు ఆదేశాల్లో రిట్ పిటిషన్‌ను కొట్టేస్తూ ‘డిలే అండ్ లాచెస్’ అని రాస్తారు చూడండి, ఆ లాచెస్ కూడా ఫ్రెంచి మీదుగా వచ్చిన ఇదే సడలింపు. హక్కు ఉన్నవాడు చాలాకాలం ఊరుకుంటే, ఆ ఊరుకోవడమే అతని నేరమవుతుంది. సైన్సు పుస్తకాల్లోని తడిసున్నం ఇంగ్లిష్ పేరు స్లేక్డ్ లైమ్‌లో స్లాక్ సొంత రక్తమే ఉంది. నీళ్లు పోయగానే కుతకుతమని, సెగలు కక్కి, పొడిసున్నం తన తీక్షణత వదులుకుంటుంది. సింగరేణి వాళ్లు అమ్మే స్లాక్ బొగ్గుకు మాత్రం ఈ ఇంటితో చుట్టరికం లేదు. అది డచ్ వైపు నుంచి వచ్చిన వేరే మాట అంటారు.

ఈ మాటతో మనుషులను వేటాడిన కాలం ఒకటుంది. ఇంగ్లండులో స్లాకర్ అనేది మొదట బడి యాస, మైదానంలో ఒళ్లు దాచుకునే కుర్రాడిని అలా అనేవాళ్లు. 1914 ఆగస్టులో యుద్ధం రాగానే అది బడి గోడ దాటింది. ఫోక్‌స్టన్ పట్టణంలో పెన్‌రోజ్ ఫిట్జ్‌గెరాల్డ్ అనే రిటైర్డ్ అడ్మిరల్ ఆడవాళ్లను కూడగట్టి, సైనిక దుస్తుల్లో లేని కుర్రాళ్ల చేతిలో తెల్ల ఈక పెట్టించాడు, పిరికివాడని గుర్తుగా. 1916లో నిర్బంధ సైనిక చట్టం వచ్చేదాకా అక్కడ పటాలంలో చేరడం చట్టం ప్రకారం ఎవరి ఇష్టం వారిదే. ఇష్టం లేనివాడికి శిక్ష వేయడానికి చట్టం లేదు కాబట్టి మాటతో వేశారు.

అమెరికాలో ఇంకా ముదిరింది. 1917 మేలో నిర్బంధ సైనిక చట్టం వచ్చాక, నమోదు కార్డు చూపలేని మగవాడల్లా అనుమానితుడే. 1918 సెప్టెంబరు మొదట్లో న్యూయార్క్‌లో మూడు రోజులపాటు జరిపిన సోదాలకు పత్రికలు పెట్టిన పేరు ‘స్లాకర్ రెయిడ్స్’. అమెరికన్ ప్రొటెక్టివ్ లీగ్ అనే స్వచ్ఛంద దళం వాళ్లు, సైనికులు, నావికులు కలిసి నాటకశాలల దగ్గర, రైల్వే స్టేషన్లలో, హోటళ్లలో మగవాళ్లను ఆపి కార్డు అడిగారు. పదుల వేలమందిని పట్టుకెళ్లారు. అందులో నిజంగా తప్పించుకు తిరుగుతున్నవాళ్లు పిడికెడు. మిగతావాళ్ల నేరం కార్డు ఇంట్లో మరిచిపోవడం. తాడు వదులైందన్న నింద ఒక కొసన ఉన్నవాడి మీదే పడింది; ఆ రోజుల్లో రెండో కొస ఎవరి చేతిలో ఉందో చూడండి. పెన్షన్ దరఖాస్తు మీద ఆరు నెలలు కూర్చున్న కార్యాలయం నుంచి ‘మీవైపు నుంచే జాప్యం’ అని ఉత్తరం అందుకున్నవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

వేటకు దొరక్కుండా చాలామంది కుర్రాళ్లు సరిహద్దు దాటి మెక్సికో నగరం చేరారు. అక్కడ వాళ్ల పేరే స్లాకర్లు, దాన్ని వాళ్లూ కాదనలేదు. 1917లో న్యూయార్క్ పోలీసుల నుంచి తప్పించుకుని అదే నగరానికి వచ్చిన బెంగాలీ విప్లవకారుడు మానవేంద్రనాథ్ రాయ్‌కు వీళ్లతో స్నేహం కలిసింది. 1919లో మెక్సికో కమ్యూనిస్టు పార్టీ పుట్టుకలో రాయ్‌తోపాటు ఈ స్లాకర్ల చెయ్యీ ఉంది. వాళ్లలో చార్లెస్ ఫిలిప్స్ అనేవాడు, మరుసటి ఏడాది కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ రెండో మహాసభకు రాయ్‌తో కలిసి మెక్సికో ప్రతినిధిగా హాజరయ్యాడు. తర్వాత రాయ్ దారి మారింది. ఆయన భావాలు మన తెనాలి, గుంటూరు వైపు బలంగా నాటుకున్నాయి, త్రిపురనేని గోపీచంద్ లాంటి రచయితను పట్టాయి. ఒళ్లు వంచరన్న పేరు పడ్డవాళ్లు చేసిన పని చూస్తుంటే, పేరు పెట్టినవాళ్ల మీద నాకు నవ్వొస్తుంది.

మాట మీది మచ్చ కొంత చెరిగింది కూడా. రిచర్డ్ లింక్‌లేటర్ 23 వేల డాలర్లతో ఆస్టిన్ వీధుల్లో తీసిన ‘స్లాకర్’ సినిమా 1991లో థియేటర్లకు వచ్చాక, ఉద్యోగం వెంట పడని కుర్రకారుకు ఆ పేరు దాదాపు బిరుదైంది. ఇప్పుడు అదే ఊళ్లో మన తెలుగు పిల్లలు పొద్దస్తమానం పనిచేసే కంపెనీల్లో స్లాక్ అనే యాప్ ఉంటుంది. పేరు పక్కన పచ్చచుక్క వెలిగితే మనిషి పనిలో ఉన్నట్టు. అది ఆరిపోకుండా మౌస్‌ను దానంతటదే కదిలించే పరికరాలు బజారులో దొరుకుతున్నాయి. ఆ యాప్‌కు ఈ పేరు ఉండటం ఎగతాళో, ఒప్పుకోలో తేల్చుకోలేకపోతున్నాను.

లెక్కలవాళ్లు ఈ మాటలోంచి నిందను పూర్తిగా తీసేశారు. జార్జ్ డాంట్జిగ్ 1947లో కనిపెట్టిన సింప్లెక్స్ పద్ధతిలో స్లాక్ వేరియబుల్ అంటే ఉన్న వనరులో వాడకుండా మిగిలింది, అంతే. అది సున్నా అయిందంటే అక్కడ పరిమితి గట్టిగా పట్టేసిందని అర్థం. ఇంత శుభ్రమైన వాడుక ఇంకోటి కనిపించదు.

ఆర్థిక పేజీ వాడుక కూడా చూడటానికి ఇంతే శుభ్రంగా ఉంటుంది. రిజర్వు బ్యాంకు 1990ల దాకా ఏడాదికి రెండు పరపతి విధానాలు ప్రకటించేది: నవంబరు నుంచి ఏప్రిల్ దాకా బిజీ సీజన్‌కు ఒకటి, మే నుంచి అక్టోబరు దాకా స్లాక్ సీజన్‌కు ఒకటి. పంట మార్కెట్‌కు చేరి, వ్యాపారులు అప్పుల కోసం బ్యాంకుల ముందు నిలబడే నెలలు బిజీ. ఆ గిరాకీ తగ్గే నెలలు స్లాక్. బ్యాంకు కౌంటర్ దగ్గర నిలబడి చూస్తే ఈ పేర్లలో తప్పులేదు. పొలం గట్టున నిలబడితే సంగతి వేరు. మృగశిర చినుకు పడగానే దుక్కి, నారుమళ్లు, నాట్లు, వెంటనే కలుపు. కూలీలు చాలక పక్క మండలాల నుంచి ట్రాక్టర్లలో తెచ్చుకునే ఆ నెలలన్నీ స్లాక్ సీజన్‌లోనివే.