నిలబడి చెప్పిన భారతం

అవమానం మనసుకే తగులుతుందనుకోవడం సగం నిజం. తరతరాలుగా ఎదుటివారికి దారి ఇచ్చి పక్కకు తొలగవలసి వచ్చినవారికి, తల వంచి, చేతులు కట్టుకుని జవాబు చెప్పవలసి వచ్చినవారికి ఆ వంపు వెన్నులోనూ ఊపిరిలోనూ గొంతులోనూ అలవాటుగా మిగిలిపోతుంది. అమెరికాలో జాతివివక్ష గాయాలపై పనిచేసే చికిత్సకుడు రెస్మా మెనాకెమ్ 2017లో వెలువరించిన ‘మై గ్రాండ్‌మదర్స్ హ్యాండ్స్’కు ఆ పేరు రావడానికి కారణం, చిన్ననాట పత్తి ఏరి మొద్దుబారిన ఆయన బామ్మ చేతులు. పుస్తకం చదివినంత మాత్రాన ఈ గాయం మానదనీ, దేహస్పృహ, అంటే ఒంట్లో ఏ కండ బిగుసుకుంటోందో, ఊపిరి ఎక్కడ ఆగుతోందో గమనించుకునే సాధన, పదిమందితో కలిసి సాగాలనీ ఆయన వాదం. అందుకు ఆయన సూచించే పనులు కూనిరాగం తీయడం, ఒళ్లు ఊపడం వంటివే.

సోవియట్ సాయంతో కట్టిన ఉక్కు కర్మాగారంలో 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయికి, ఆ పరిశ్రమను నమ్ముకుని వచ్చి సెక్టార్ల క్వార్టర్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ వాదం మరీ కొత్తగా తోచనక్కరలేదు. జాతి, కులం ఒకటి కావు గాని, రెండూ ఒంటి మీదే రాతలు రాస్తాయి. భిలాయికి దగ్గరలోని గనియారీలో, పార్ధీ తెగలో పుట్టిన తీజన్ బాయి తాత నోట మహాభారతం విని పండవానీ నేర్చుకున్నారు. పాండవుల కథను పాడుతూ చెప్పే ఈ కళలో రెండు పద్ధతులున్నాయి: కూర్చుని పాడేది వేదమతి, లేచి నిలబడి అభినయిస్తూ చెప్పేది కాపాలిక. ఆడవారికి అప్పటిదాకా మొదటిదే తగినదన్న కట్టుబాటును తోసి ఆమె లేచి నిలబడ్డారు. చేతిలోని తంబూరా క్షణంలో భీముడి గద, మరుక్షణం అర్జునుడి విల్లు. పక్కన కూర్చున్న రాగి, అంటే వంతపాడేవాడు, మాటమాటకూ ఊ కొడుతూ కథను ముందుకు నెడతాడు. బుర్రకథ వంతలను ఎరిగిన తెలుగువారికి ఈ ఏర్పాటు తెలిసినదే. వినేవాడి గొంతు కదలకపోతే చెప్పేవారి కథ నడవదు. అయితే సమూహమంటే ఔషధమేనని తేల్చేయడం తొందరపాటవుతుంది. పాడినందుకు ఆమెను వెలివేసినది సొంత తెగే. చిన్న గుడిసె వేసుకుని, ఇరుగుపొరుగువారి దగ్గర గిన్నెలు అరువు తెచ్చుకుని ఆమె ఆ రోజులు గడిపారు. తర్వాతి కాలంలో భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగమూ, 2019లో పద్మవిభూషణ్‌ వరకు గౌరవాలూ వచ్చాయి.

అంటరానితనాన్ని ఎదిరించి సమానతను బోధించిన గురు ఘాసీదాస్ అనుయాయులైన సత్నామీల పంథీ నృత్యంలో ఒళ్లూ గొంతూ పదిమందితో కలిసి కదిలే లక్షణం ఇంకా స్పష్టం. తెల్ల జెండా ఎగిరే జైత్‌ఖాంబ్ అనే స్తంభం చుట్టూ వలయంగా తిరుగుతూ, మాందర్ దరువుకు అడుగు కలుపుతూ గురువు చరిత్రను పాడతారు. మెల్లగా మొదలైన లయ వేగం పుంజుకునేసరికి పాటా ఊపిరీ వేరుగా వినిపించవు. అక్షరాలు చేతికందని కాలంలో ఈ పాటే వారి గ్రంథం, ఈ వలయమే పఠనమందిరం. తెలంగాణలో చిందు కళాకారులు మాదిగల ఎదుట జాంబపురాణం ఆడి, ఆ కులపు పుట్టుకను ఘనంగా వినిపించడమూ ఈ కోవలోదే.

వీటిని చికిత్స అని పిలవడంలో మాత్రం ఒక ఇబ్బంది ఉంది. చికిత్స అనగానే లోపమంతా రోగిలోనే ఉందనిపిస్తుంది, వంచినవాడి ప్రస్తావన జారిపోతుంది. పంథీ పాడినవారు తమ నరాలకు నెమ్మది కోరి పాడలేదు, మనుషులంతా సమానమని నలుగురూ వినేలా చాటారు. ఆ చాటింపులో ఒళ్లు నిటారైతే అయింది. ఉత్సవ వేదికల మీద అదే పంథీని కుర్చీల్లో కూర్చుని చూసి చప్పట్లు కొట్టే ప్రేక్షకుడికి దాని వేగం కనిపిస్తుంది గాని, ఆ పాట నిలదీస్తున్నది ఎవరినో తట్టదు.