శిలాజ పరాగ అవయవం – వర్గీకరణలో దాని సాక్ష్యం

హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాల్లో పునాదులు తవ్వినప్పుడు బయటపడే గ్రానైట్‌లో మొక్కల శిలాజాలు దొరకవు. అది శిలాద్రవం చల్లారి ఏర్పడిన రాయి. వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. అప్పటికి బీజాలు గల మొక్కలే పుట్టలేదు. విలుప్తమైన బీజ మొక్కల ఆనవాళ్లు చూడాలంటే మన రాష్ట్రంలో గోదావరి లోయకు వెళ్లాలి. అక్కడి సింగరేణి బొగ్గు పెర్మియన్ కాలపు గ్లాసోప్టెరిస్ అడవుల నుంచి ఏర్పడింది.

అయితే గ్లాసోప్టెరిస్ అనేది నిజానికి ఆకు పేరు. వేరును వెర్టిబ్రేరియా అనీ, పరాగాశయాన్ని ఆర్బెరియెల్లా అనీ పిలుస్తాం. మొక్క శిలాజంగా మారే లోపే దాని భాగాలు విడిపోతాయి కనుక ఒక్కో భాగానికి ఒక్కో ప్రజాతి పేరు పెట్టవలసి వస్తుంది. వీటిని అవయవ ప్రజాతులు అంటారు. విద్యార్థులు ఈ పేర్లను కంఠస్థం చేస్తారు గాని, ఈ భాగాలన్నీ ఒకే మొక్కవని ఎలా తెలిసిందని అడగరు. వర్గీకరణ బలం ఆ ప్రశ్నకు వచ్చే జవాబులోనే ఉంది.

పెంటాక్సైలేలిస్ క్రమాన్ని ఈ దృష్టితో పరిశీలించండి. రాజమహల్ కొండల్లోని నిపానియా శిలాజాల ఆధారంగా బీర్బల్ సాహ్ని 1948లో పెంటాక్సైలీ అనే కొత్త సమూహాన్ని ప్రతిపాదించారు. పెంటాక్సైలాన్ కాండాన్ని, నిపానియోఫిల్లమ్ ఆకును, కార్నోకోనైటిస్ స్త్రీ శంకువును ఆయన ఒకచోట చేర్చారు. పురుష అవయవం అప్పటికి తెలియదు. సాహ్ని 1949లో మరణించారు. విష్ణు మిత్రే 1953లో పురుష అవయవాన్ని వర్ణించి, దానికి ఆయన పేరు మీదనే సాహ్నియా అని పేరు పెట్టారు.

పురుష అవయవం తెలియకుండానే సమూహాన్ని ఏర్పరచడం తొందరపాటా? కాదనే చెప్పాలి. కాండం, ఆకు, శంకువు మూడింటిలో కనిపించిన లక్షణాల కలయిక అప్పటికి తెలిసిన ఏ వివృతబీజ సమూహంలోనూ లేదు. కాని అది అసంపూర్ణ వాదమే. సాహ్నియా దానిని పరీక్షకు పెట్టింది.

ఆ పరీక్ష ఫలితం ఏమిటి? సాహ్నియాలో పీఠం చుట్టూ వలయంగా అమరిన తంతువుల మీద పరాగాశయాలున్నాయి. ఈ అమరిక బెన్నెటైటేలిస్‌ను గుర్తుకు తెస్తుంది. పరాగరేణువుకు ఒకే గాడి ఉంది. అటువంటి రేణువు సైకాడ్‌లలో, గింగోలో, బెన్నెటైటేలిస్‌లో కూడా కనిపిస్తుంది. అంటే రేణువు ఒక్కటే చూసి బంధుత్వాన్ని తేల్చలేం. స్త్రీ శంకువును కూడా పక్కన పెట్టి చూడండి: బెన్నెటైటేలిస్‌లో అండాల మధ్య ఉండే పొలుసులు కార్నోకోనైటిస్‌లో లేవు. పురుష అవయవం దగ్గర చేసినట్లు కనిపించిన సంబంధాన్ని స్త్రీ శంకువు దూరం చేసింది. ప్రత్యేక క్రమంగా ఉంచడానికి సమర్థన ఇదే.

సింగరేణి బొగ్గు పొరలకూ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. చారలున్న రెండు రెక్కల పరాగరేణువులు పొరల వయస్సును పోల్చడానికి ఎంతో ఉపయోగపడతాయి. అంత మాత్రాన అవి వంశవృక్షం కావు. రెక్కల రేణువులు పైన్ మొక్కల్లోనూ ఉన్నాయి. గాలిలో ప్రయాణించే అవసరం దూరపు బంధువులకు కూడా ఒకే రూపం ఇవ్వగలదు.

కాబట్టి పరాగ అవయవాన్ని ఒక మొక్కకు ఆపాదించేటప్పుడు మూడు ఆధారాలు వెతకండి: అది కొమ్మకు అతుక్కుని దొరికిందా? దానిలోని రేణువులే ఆ మొక్క అండద్వారంలో కనిపించాయా? దాని అవభాసిని ఆకు అవభాసినితో సరిపోలిందా? ఒకే రాతిలో పక్కపక్కన దొరకడం సూచన మాత్రమే, రుజువు కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: సాహ్నియా దొరకకపోయి ఉంటే పెంటాక్సైలేలిస్‌ను ప్రత్యేక క్రమంగా మీరు అంగీకరిస్తారా? కారణాలతో పది వాక్యాల్లో రాయండి.