తెరమీది తెలుగు: విండోస్ పరిణామం, గిడుగు కొలమానం

ప్రవేశిక

గిడుగు, గురజాడ అన్నవి నేడు రెండు తెలుగు ఫాంట్ల పేర్లు కూడా. సిలికానాంధ్ర ద్వారా స్వేచ్ఛా లైసెన్సుతో అందుబాటులోకి వచ్చిన ఫాంట్లలో ఇవి ఉన్నాయి. శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పేరూ, విజయనగరాన్ని కార్యక్షేత్రం చేసుకున్న గురజాడ అప్పారావు పేరూ ఈ విధంగా కంప్యూటరులో చేరాయి. వారు ఏ భాషకోసం వాదించారో ఆ భాష కంప్యూటరులో ఎంతవరకు చేరిందన్నది వేరే ప్రశ్న. వ్యక్తిగత కంప్యూటర్లలో విస్తృతంగా వాడుకలో ఉన్న విండోస్ నిర్వహణ వ్యవస్థ పరిణామాన్ని లిపి, పదం, వాక్యం అనే మూడు స్థాయులలో పరిశీలించి, ఆ ప్రశ్నకు సమాధానం వెదకడం ఈ వ్యాసం లక్ష్యం.

లిపి: అక్షరం యంత్రానికి తెలిసిన క్రమం

మైక్రోసాఫ్ట్ సంస్థ 1981లో ఎంఎస్-డాస్‌ను, 1985లో విండోస్ తొలి రూపాన్ని విడుదల చేసింది. ఈ వ్యవస్థలు ఒక అక్షరానికి ఒక బైటు చొప్పున కేటాయించేవి. ఒక బైటులో 256 సంకేతాలకే చోటు. రోమను లిపికి అది చాలింది; గుణింతాలు, వత్తులు ఉన్న తెలుగుకు ప్రత్యేకమైన ఏర్పాటు కావలసివచ్చింది. భారతీయ లిపులన్నింటికీ ఉమ్మడి సంకేతపద్ధతిగా ఇస్కీ 1991లో జాతీయ ప్రమాణమైనా, అచ్చుపని దానిమీద నడవలేదు. అను వంటి ఫాంట్ల మీద నడిచింది.

ఈ ఫాంట్లలో తెరమీద కనిపించేది తెలుగే. కాని యంత్రం దాచుకొనేది రోమను అక్షరాల సంకేతాలను. ఫాంటు మారితే పాఠం అర్థంలేని గుర్తుల వరుసగా మారిపోతుంది. అందులో ఒక తెలుగు పదాన్ని వెదకడం గాని, అకారాది క్రమంలో పేర్చడం గాని మామూలు పద్ధతిలో సాధ్యం కాదు. అంటే ఆ దశలో కంప్యూటరు తెలుగును అచ్చువేసిందే గాని గుర్తించలేదు.

1991లో వెలువడిన యూనికోడు తొలి రూపంలోనే తెలుగుకు 128 స్థానాల విభాగం ఏర్పడింది. 1993 నాటి విండోస్ ఎన్‌టీ తన అంతర్నిర్మాణంలో యూనికోడును స్వీకరించింది. అయితే ఇళ్ళలో, చిన్న కార్యాలయాలలో వాడుకలో ఉన్నది విండోస్ 95, 98 శాఖ. రెండు శాఖలూ 2001లో విండోస్ ఎక్స్‌పీతో ఒక్కటయ్యాయి. ‘గౌతమి’ ఫాంటు ఆ వ్యవస్థతోపాటే వచ్చింది. వ్యంజనం, పొల్లు, వ్యంజనం అనే వరుసను చూసి రెండో వ్యంజనాన్ని వత్తుగా మలిచే పని నిర్వహణ వ్యవస్థదే అయింది. ఆ తరువాత ‘వాణి’, ‘నిర్మల’ ఫాంట్లు వచ్చాయి. లిపి స్థాయిలో సమస్య చాలావరకు తీరినట్లే.

పరిశోధకులకు మాత్రం దీని ఫలితం ఇంకా పూర్తిగా అందలేదు. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం పాత పత్రికలలోని కథలను పుటల ఛాయాచిత్రాలుగా పాఠకులకు చేరువ చేసింది. చదువరికి అది గొప్ప మేలు. కాని పుట బొమ్మ యంత్రానికి పాఠం కాదు. చాసో, రావిశాస్త్రి, కారా కథలలోని కళింగాంధ్ర పలుకుబడిని లెక్కకట్టి పోల్చాలంటే ఆ బొమ్మ యూనికోడు పాఠంగా మారాలి.

పదం: దస్త్రమా, ఫైలా?

లిపి కుదిరిన తరువాత ఆజ్ఞల పేర్లు తెలుగులోకి వచ్చాయి. ఎక్స్‌పీ కాలంలో మొదలైన భాషా ఇంటర్‌ఫేస్ ప్యాకులు తెలుగుకూ లభించాయి. ఇవి స్వతంత్రమైన తెలుగు వ్యవస్థలు కావు. అడుగున వేరొక మూలభాషా వ్యవస్థ ఉండగా, తరచుగా కనిపించే భాగాలకు మాత్రమే తెలుగు తొడుగు వేసేవి. అదే కాలంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు గ్నూ/లినక్స్‌ను తెలుగులోకి తెచ్చారు. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థ కృషి ఇందులో చెప్పుకోదగినది.

రెండు శాఖల పదసంపద భిన్నమైనది. లినక్స్ అనువాదాలలో ‘దస్త్రము’, ‘సంచయము’, ‘భద్రపరచు’ వంటి మాటలు కనిపిస్తే, మైక్రోసాఫ్ట్ అనువాదంలో ‘ఫైల్’, ‘ఫోల్డర్’, ‘సేవ్ చేయి’ వంటివి కనిపిస్తాయి. మొదటిదాన్ని గ్రాంథికంగా, రెండోదాన్ని వ్యావహారికంగా భావించడం సులభం. కాని ఈ విభజన నిలవదు. ‘దస్త్రం’ అచ్చతెలుగూ కాదు, తత్సమమూ కాదు. అన్యదేశ్యంగా వచ్చి కచేరీ కాగితాలలో పాతుకుపోయిన మాట. అది వాడుకలోకి వచ్చిన తీరు ‘ఫైలు’ వచ్చిన తీరుకు భిన్నం కాదు. పోతే, ‘ఫైల్’ వ్యావహారికమేనా అన్నదే అసలు ప్రశ్న.

తెలుగు పదం అజంతం. వాడుకలో ఈ మాట ‘ఫైలు’, బహువచనం ‘ఫైళ్ళు’. రైలు, స్కూలు అన్నవి రైళ్ళు, స్కూళ్ళు అయినట్లే ఇదీ అయింది. ఫోల్డరు ‘ఫోల్డర్లు’ అవుతుంది. సెట్టింగు ‘సెట్టింగులు’ అవుతుంది. తెరమీద మాత్రం ‘ఫైల్‌లు’, ‘సెట్టింగ్‌లు’ అనే రూపాలు కనిపిస్తాయి. ఇవి గ్రాంథిక వ్యాకరణానికి ఎంత దూరమో వ్యవహర్తల నోటికీ అంతే దూరం.

వాక్యం: యంత్రసౌలభ్య భాష

ఈ రూపాలకు కారణం అనువాదకుల అజ్ఞానం అనుకోవడం పొరపాటు. కారణం వ్యవస్థ నిర్మాణంలోనే ఉంది. నిర్వహణ వ్యవస్థలో వాక్యాలు పూర్తిగా ఉండవు. ఖాళీలున్న అచ్చులుగా ఉంటాయి. ఆ ఖాళీలో ఏ పేరు వచ్చి కూర్చుంటుందో ముందుగా తెలియదు. కనుక విభక్తి ప్రత్యయాన్ని పేరుతో సంధి కలపకుండా పక్కన అతికించవలసివస్తుంది. పొల్లును పొల్లుగా నిలిపి, తరువాతి హల్లు వత్తుగా మారకుండా ఆపే కనిపించని సంకేతం యూనికోడులో ఉంది. ‘ఫైల్‌లు’ అనే రూపం తెరమీద అలా నిలబడడానికి ఆధారం అదే. పదాంతం మారకపోతే యంత్రానికి పని తేలిక. పదాంతం మారడం తెలుగు స్వభావం. ఈ రెండింటి నడుమ పుట్టింది గ్రాంథికమూ కాదు, వ్యావహారికమూ కాదు. దానిని యంత్రసౌలభ్య భాష అనడం సమంజసం.

క్రియారూపాలలో ఈ దోషం మరింత స్పష్టమవుతుంది. ఇంగ్లీషులో మనిషి యంత్రానికి ఇచ్చే ఆజ్ఞకూ, యంత్రం మనిషికి చేసే సూచనకూ ఒకే క్రియారూపం సరిపోతుంది. తెలుగులో క్రియ గౌరవాన్ని మోస్తుంది. యంత్రాన్ని ఉద్దేశించి ‘తెరువు’ అంటే సరిపోతుంది. మనిషిని ఉద్దేశించి ‘తెరవండి’ అనాలి. సందర్భం చూపకుండా విడి మాటల జాబితాను చేతికిస్తే, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అనువాదకుడికి తెలియదు. అప్పుడు యంత్రమే మనిషిని ఏకవచనంతో శాసించే ప్రమాదం ఉంటుంది.

ఇక్కడే గిడుగు కొలమానం అక్కరకు వస్తుంది. 1906 తరువాత విద్యాధికారి యేట్స్ లేవనెత్తిన ప్రశ్నతో మొదలైన ఆయన ఉద్యమానికి ప్రమాణం శిష్టవ్యవహారం. గ్రంథాలను సాక్ష్యంగా చూపి, గ్రాంథికవాదులే తమ నియమాలను తప్పకుండా రాయలేకపోతున్నారని ఆయన నిరూపించాడు. ఒక మాట ఎక్కడినుంచి వచ్చిందన్నది ఆయన వాదానికి కేంద్రం కాదు. వ్యవహారంలో అది ఏ రూపం దాల్చిందన్నదే ముఖ్యం. ఈ ప్రమాణంతో చూస్తే ‘ఫైలు’, ‘ఫైళ్ళు’ సాధువులు, ‘ఫైల్‌లు’ అసాధువు. దస్త్రం, ఫైలు అనే మాటల మధ్య పోటీ కన్న ఈ రూపనిర్ణయమే ముందు తేలవలసినది.

సవర: కొలమానానికి కఠిన పరీక్ష

గిడుగు కృషి తెలుగుకే పరిమితం కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాషను నేర్చి, 1931లో దాని వ్యాకరణ కరదీపికను, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించాడు. 1936లో మంగెయి గొమాంగొ సవరకు సొర సొంపెంగ్ అనే లిపిని రూపొందించాడు. ఆ లిపి 2012లో యూనికోడు 6.1లో చేరింది. విండోస్ తరువాతి రూపాలలోని నిర్మల ఫాంటు ఆ అక్షరాలను కూడా చూపగలదు.

అయినా ఆంధ్రప్రదేశ్ మాతృభాషా విద్యా కార్యక్రమంలో సవర పాఠాలకు వాడినది తెలుగు లిపి. సీతంపేట కొండల్లోని సవర పిల్లవాడికి యంత్రంలో తన భాషకు ఒక లిపి ఉంది. అది అతడు బడిలో దిద్దిన లిపి కాదు. విండోస్ మెనూలలో అతడి భాష లేదు. తెలుగు విషయంలో వాక్యం దగ్గర ఆగిన ప్రయాణం సవర విషయంలో లిపి దగ్గరే ఆగింది. లిపికి సంకేతాలు కేటాయించడమే భాషను గౌరవించడం కాదన్నదానికి ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ అరుదు.

ముగింపు

విండోస్ పరిణామం తెలుగుకు అక్షరాన్ని ఇచ్చింది, మాటల పట్టికను ఇచ్చింది, వాక్యాన్ని ఇంకా ఇవ్వలేదు. మొదటిది ఇంజనీర్ల పని, రెండవది అనువాదకుల పని. మూడవదానికి తెలుగు శాఖల పాత్ర అనివార్యం. అన్యదేశ్యాల అజంతరూపాలను, బహువచనాలను, విభక్తులతో కలిసే రూపాలను వ్యవహారం నుంచి సేకరించి, నియమాలుగా క్రోడీకరించి ఇవ్వగలిగినవి ఆ శాఖలే. విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలు ఒక శతాబ్దం కిందట పాఠ్యపుస్తకం భాష ఎలా ఉండాలని అడిగాయి. నేడు పిల్లలు పాఠ్యపుస్తకంతో పాటు తెరను కూడా చదువుతున్నారు కనుక అదే ప్రశ్నను తెర విషయంలోనూ అడగవలసి ఉంది. ‘ఫైల్‌లు’ అన్న రూపాన్ని చూసి చూసి అదే శిష్టవ్యవహారమని ఒక తరం నమ్మకముందే ఆ పని మొదలుకావాలి.